లైనులో సంచులు పెట్టిన తాత

నాకు ముక్కు మీద కోపం. గొప్పకి చెప్పడం లేదు, దాచినా దాగేది కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఏడో తరగతిలో నా జడ లాగిన పిల్లాడి ముంజేతిని రక్తం వచ్చేలా కొరికాను. వాడి తల్లి ఇంటి మీదికి గొడవకి వస్తే, ఆవిడ చూస్తుండగానే మా అమ్మ నన్ను చితకబాదింది. నేను అమ్మ చెయ్యి కూడా కొరికాను. "నీ ఒంటి మీద దెబ్బ పడితే తిరిగి వెయ్యందే నీకు ముద్ద దిగదు కదే రాక్షసీ!" అని అమ్మ ఇప్పటికీ ఫోన్లో అంటుంటుంది. నిజమే, దిగదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను డాక్టర్ని. ఇలా రాస్తుంటే ఎవరో వెనకనుంచి కిసుక్కున నవ్వినట్టే ఉంటుంది నాకు. మన దగ్గర సీటు రాక మెడిసిన్ చదవడానికి ఫిలిప్పీన్స్ వెళ్లాను. అక్కడ దవావ్ అనే ఊళ్లో ఐదున్నరేళ్లు ఉన్నాను. తిరిగొచ్చాక ఇండియాలో ప్రాక్టీసు చెయ్యాలంటే రాయాల్సిన పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి రాసేలోపు పెళ్లయింది, డిపెండెంట్ వీసా మీద న్యూజెర్సీ వచ్చిపడ్డాను. ఇక్కడి పరీక్షలు కిందా మీదా పడి పాసయ్యాను గానీ, ట్రైనింగ్‌కి తీసుకుంటామని ఏ ఆస్పత్రీ పిలవలేదు. మూడేళ్లు వరసగా అప్లై చేశాను, మూడేళ్లూ ఉలుకూ పలుకూ లేదు. పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో సగం మంది తెలుగువాళ్లే. ఒక బర్త్‌డే పార్టీలో ఒక ఆంటీ నా చేతికి పులిహోర ప్లేటు అందిస్తూ, "ఫిలిప్పీన్స్‌లోనా అమ్మా? అక్కడ సీట్లు అమ్ముతారటగా? పోన్లే, పిల్లలకి జలుబు చేస్తే పనికొస్తుంది" అంది. ఆ ప్లేటు ఆవిడ మొహాన కొట్టేదాన్నే. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కుపోయాడు.

దవావ్‌లో మాత్రం నేను డాక్టర్నే. చివరి ఏడాది అక్కడి ప్రభుత్వాస్పత్రి ఎమర్జెన్సీలో పనిచేశాను. కత్తిపోట్లు, బైకు యాక్సిడెంట్లు, తాగి కొట్టుకున్న తలలు. వరండాలో నేల మీద పడుకోబెట్టిన రోగుల పక్కన కూర్చున్న చుట్టాలు నా చొక్కా అంచు పట్టుకుని "దొక్తోరా! దొక్తోరా!" అని పిలిచేవాళ్లు. ఆడ డాక్టర్ని అక్కడ అలాగే పిలుస్తారు. ఒకరోజు ఒక తాగుబోతు నన్ను గోడకేసి తోశాడు. నేను చేతిలో ఉన్న స్టీలు ట్రే తీసుకుని వాడి మీదికి పోయాను. వెనక మంచం మీద ఒక కుర్రాడు గొంతులో రక్తం అడ్డుపడి గురగురలాడుతున్నాడు. పెద్ద నర్సమ్మ వచ్చి ముందు ఆ కుర్రాడి గొంతు శుభ్రం చేసింది, తర్వాత నా నెత్తి మీద వేలి కణుపుతో టకటకా రెండు మొట్టింది. "ముందు ఊపిరి, దొక్తోరా. నీ కోపానికి డ్యూటీ అయిపోయాక టైము ఇచ్చుకో" అంది. అప్పటికి నా జీవితంలో తిరిగి వెయ్యని దెబ్బలేవైనా ఉన్నాయంటే అవి ఆ రెండే. మొట్టింది పెద్దావిడ, పైగా నాకు తిరగబడే తీరిక కూడా లేకపోయింది.

ఇక లైను సంగతి.

జెర్సీ సిటీలో ఫిలిప్పీన్స్ వాళ్ల బేకరీ ఒకటుంది. మా ఇంటినుంచి నలభై నిమిషాల డ్రైవ్. చిన్న చిన్న ఉప్పు బన్నులు వేడివేడిగా పొయ్యిలోంచి తీసి కాగితం సంచుల్లో పోస్తారు. దవావ్ హాస్టల్లో అవే నా టిఫిను. "బ్రెడ్డు కోసం నలభై నిమిషాలు పోతవా? మన పక్కనే కాస్ట్‌కోలో దొర్కదా?" అంటాడు మా ఆయన. ఆయనది వరంగల్. ఆయనకి నచ్చిన సకినాలు ఎడిసన్‌లో దొరుకుతాయంటే గంట పోతాడు, అది మాత్రం వేరే లెక్క!

క్రిస్మస్‌కి ముందు శనివారం. పొద్దున ఏడింటికి వెళ్లేసరికే బేకరీ ముందు లైను మలుపు దాటిపోయింది. చలి ఎముకల్లోకి దిగుతోంది. నా భుజాన ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు ఫ్లాస్కు ఉంది, లీటరుది, నిండా కాఫీ. మూత తిప్పబోతే వేళ్లు కొంకర్లు పోయి కాఫీ చేతి మీద ఒలికింది. "యావా!" అని అరిచాను. దవావ్ వైపు బూతుల్లో అది పెద్దది. దయ్యమని అర్థం గానీ, వాడకంలో మన బూతులన్నీ అందులోనే ఉంటాయి. ఐదున్నరేళ్లలో ఆ భాష నాకు సగమే వచ్చింది, తిట్లు మాత్రం పూర్తిగా వచ్చాయి.

నా ముందున్న ముసలాయన చటుక్కున తిరిగాడు. డెబ్భై అయిదేళ్లుంటాయి. మోకాళ్ల కిందికి దిగిన కోటు, ఉన్ని టోపీ. నవ్వితే పై పళ్ల కట్టుడు సెట్టు కిందికి జారి టక్‌మంటోంది, మళ్లీ నాలుకతో పైకి నెట్టుకుంటున్నాడు. పెద్దమనిషి ముందు బూతు మాట్లాడినందుకు నాకు సిగ్గేసింది. ఏం చెయ్యాలో తోచక, అక్కడి అలవాటు ప్రకారం వంగి ఆయన కుడిచెయ్యి తీసుకుని నా నుదుటికి ఆనించుకున్నాను. మనం పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెట్టినట్టు వాళ్లు ఇలా చేస్తారు. ఆయన మొహం చూడాలి అప్పుడు!

"తగా-ఆసా కా, దాయ్?" అన్నాడు. ఏ ఊరు పిల్లా అని.

"దవావ్" అన్నాను.

ఎందుకన్నానంటే ఏం చెప్పను? ఒంగోలు అంటే ఆయనకి తెలియదు. పార్సిప్పనీ అంటే అది ఊరే కాదు, అపార్ట్‌మెంట్లూ పార్కింగులూను. అసలు కారణం అదీ కాదు. ఎవరైనా నన్ను చూసి అంత సంతోషపడి చాలా రోజులైంది, ఆ సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదు.

"కబాబయాన్!" అని కేక పెట్టాడు. మనూరి మనిషీ అన్నమాట. నా రంగు చూసి ఆయనే కథ అల్లుకున్నాడు, నాన్న ఇండియావాడు అయ్యుంటాడు, అమ్మ అక్కడిది అయ్యుంటుంది అని. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఏం పని చేస్తున్నావని అడిగాడు. డాక్టర్ని అన్నాను. అమెరికా వచ్చాక ఒకరి మొహం మీద ఆ మాట అనడం అదే మొదటిసారి. తాత వెనక్కి తిరిగి, రోడ్డవతల ఇంజను ఆపకుండా నిలబెట్టిన రెండు వ్యాన్ల వైపు చెయ్యూపుతూ అరిచాడు, మన దవావ్ దొక్తోరా వచ్చిందహో అని! వ్యాను అద్దాలు దిగాయి. లోపల హీటరు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లందరూ చేతులూపి "దొక్తోరా! దొక్తోరా!" అన్నారు. నేనూ చెయ్యూపాను.

ఆ ఆడవాళ్లు తాత చర్చి వాళ్లు. వాళ్ల స్థానాలు లైనులోనే ఉన్నాయి. తాత ముందు ఏడు గుడ్డ సంచులు వరసగా నిలబడి ఉన్నాయి, గాలికి పోకుండా ఒక్కోదాంట్లో ఒక్కో నీళ్ల సీసా. "వాళ్లకి కీళ్ల నొప్పులు. నేను ఎప్పుడో కీళ్లు పారేసుకున్నాను, నొప్పెక్కడిది?" అని పళ్లు టక్‌మనిపించాడు. నాకు నవ్వాగలేదు. మా వీధి పంపు దగ్గర కూడా అంతే. బిందెలు, బొక్కెనలు, అవి లేనివాళ్లవి ఇటుకలు. ఇటుక నిలబడితే మనిషి నిలబడ్డట్టే. మా ఇటుకని ఎవరో కాలితో పక్కకి నెట్టారని మా అమ్మ ఒకావిడ కొప్పు పట్టుకుని వీధి చివరిదాకా ఈడ్చింది. ఆ లెక్కలు తెలిసిన మనిషిని అమెరికాలో చూడటం నాకదే మొదలు.

తలుపులు తెరిచారు. లైను కదిలింది. తాత మూడు సంచులు జరిపితే నేను నాలుగు జరిపాను. ఇంకొంచెం కదిలింది, మళ్లీ జరిపాం. తాత కూతురు వ్యాను దిగి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి సేవచేసే ఉద్యోగం, కోటు కింద ఆ యూనిఫామే ఉంది. తండ్రి చేతికి అల్లం టీ కప్పు ఇచ్చి, నా చేతిలోనూ ఒకటి పెట్టి, "థాంక్యూ దొక్తోరా" అని వ్యానులోకి వెళ్లిపోయింది.

నా వెనక నారింజ రంగు పని జాకెట్ వేసుకున్న ఒక పెద్ద మనిషి ఉన్నాడు. ఆరడుగుల పైనే. చలిలో అరగంటగా నిలబడ్డాడు పాపం, నిజం చెప్పాలంటే అతని కోపంలో న్యాయముంది.

"ఈ సంచులెవరివి?" అన్నాడు ఇంగ్లిష్‌లో.

తాత జవాబు చెప్పబోయాడు. నవ్వుతూ, సార్ అంటూ, వ్యాన్లు చూపిస్తూ చెప్పేవాడు. ఆ మనిషి గొణుక్కుని ఊరుకునేవాడేమో. నేనే ముందు నోరు తెరిచాను.

"కనపడటం లేదా? లైనులో ఉన్నవాళ్లవి."

"సంచులు మనుషులు కావు. ఈ దేశంలో లైనులో మనుషులు నిలబడతారు."

"కొంతమంది మనుషుల కంటే ఈ సంచులే నయం" అన్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు నాతోపాటు ఏ ఊరు వెళ్లినా ఇంతే. అతను ముందుకొచ్చి చివరి సంచిని బూటుకాలితో తన్నాడు. సీసా బయటపడి రోడ్డు మీదికి దొర్లిపోయింది. నేను టీ కప్పు పారేసి రెండు చేతులతో అతని ఛాతీ మీద తోశాను. ముందు చెయ్యి వేసింది నేనే. ఎవరు అడిగినా ఇదే చెబుతాను, ఎందుకంటే ఇదే నిజం. అతను పిడికిలి ఎత్తాడు. తాత మా ఇద్దరి మధ్యకి దూరాడు, రెండు అరచేతులూ పైకెత్తి, "ఓకే సర్, ఓకే సర్, సారీ" అంటూ, ఇంకా నవ్వుతూనే. ఆ గుద్దు ఆయన చెంప మీద పడింది.

తాత వెల్లకిలా పోయాడు. తల పేవ్‌మెంట్ అంచుకి తగిలింది. నీళ్లు నిండిన కుండ గట్టుకి కొట్టుకున్నట్టు చప్పుడైంది. అంతే, ఇక నాకు లోకం కనపడలేదు.

భుజాన ఉన్న ఫ్లాస్కు పట్టీ పట్టుకుని గిరగిరా తిప్పి అతని చెవి మీద కొట్టాను. అతను తూలాడు. రెండో దెబ్బ ముక్కు మీద పడింది, ముక్కు విరిగిన చప్పుడు నా మణికట్టుకి తెలిసింది. అతను ఒక మోకాలి మీద కూలబడి చేతులు తలకి అడ్డం పెట్టుకున్నాడు. "స్టాప్! స్టాప్!" అంటున్నాడు. ఆ చేతుల మీద కొట్టాను. వీపు మీద కొట్టాను. ఫ్లాస్కు మూత ఊడి కాఫీ, రక్తం కలిసి నా జాకెట్ నిండా చిందాయి. నేను తెలుగులో తిడుతున్నాను, దవావ్ భాషలో తిడుతున్నాను, ఇంగ్లిష్‌లో తిడుతున్నాను. ఒక్క అతన్నే కొట్టానని కూడా చెప్పలేను. సీట్లు అమ్ముతారటగా అన్న ఆంటీ, మూడేళ్లు జవాబివ్వని ఆస్పత్రులు, రెండు మార్కులతో తప్పిన పరీక్ష, అన్నీ ఆ నారింజ జాకెట్ వేసుకుని నా ముందు మోకరిల్లి ఉన్నాయి. చెయ్యి ఆగలేదు. దాచడమెందుకు, హాయిగా ఉంది.

వెనకనుంచి ఒక శబ్దం వస్తోంది. గుర్రు లాంటి శబ్దం, మధ్యలో తడిగా గురగుర. అదేమిటో నాకు తెలుసు. ప్రపంచంలో ఇంకేం తెలియకపోయినా అది తెలుసు. విన్నాను. వినలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను. విని, ఇంకో దెబ్బ వేశాను.

"దొక్తోరా! దొక్తోరా!" అని ఒక ఆడగొంతు అరుస్తోంది. ఎవరో డాక్టర్ని పిలుస్తున్నారు, ఆ డాక్టరెవరో వస్తారులే అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. ఆ పిలుపు నన్నేనని నాకు తట్టలేదు. ఇంకో దెబ్బ వేశాను. గుర్రు ఆగిపోయింది.

శబ్దం ఆగాక తిరిగాను. తాత మొహం నీలం తిరుగుతోంది. కూతురు ఆయన తల ఒళ్లో పెట్టుకోబోతోంది. "తల ఎత్తకు!" అని అరిచి మోకాళ్ల మీద పడ్డాను. ఇద్దరు ఆడవాళ్లని పిలిచి, మెడ కదలకుండా తల పట్టుకోమన్నాను. దవడ మూలల్లో వేళ్లు పెట్టి ముందుకి లేపాను. నోటి నిండా రక్తం. నాలుక వెనక ఏదో గులాబీ రంగులో మెరిసింది. పై పళ్ల సెట్టు. గొంతుకి అడ్డంగా బిరడాలా కూర్చుంది. రెండు వేళ్లు పెట్టి కొక్కెంలా లాగాను, జారిపోయింది. మళ్లీ లాగాను, వచ్చింది. అందరం కలిసి ఆయన్ని ఒక్కలాగే పక్కకి దొర్లించాం, రక్తం కారిపోయింది. ఛాతీ కదల్లేదు. "తాతా, తాతా, పీల్చు తాతా" అని తెలుగులోనే అరిచాను. అప్పుడు దగ్గాడు. నా మొహం మీద రక్తం చిమ్మింది. ఊపిరి ఆడింది.

అంబులెన్స్ వచ్చింది. పోలీసులు వచ్చారు. నారింజ జాకెట్ మనిషి పేవ్‌మెంట్ మీద కూర్చుని విరిగిన ముక్కు పట్టుకుని ఏడుస్తున్నాడు, ముసలాయన్ని కొట్టాలనుకోలేదు అంటున్నాడు. అదీ నిజమే, అతను కొట్టాలనుకుంది నన్ను. అతన్ని బేడీలు వేసి తీసుకెళ్లారు. ఆఫీసర్ నా స్టేట్‌మెంట్ రాసుకుంటుంటే చర్చి ఆడవాళ్లందరూ నా చుట్టూ గోడలా నిలబడ్డారు. "ఈమే మా దొక్తోరా, ఈమే బతికించింది" అన్నారు. ఏడు సంచులూ లైనులో అలాగే నిలబడి ఉన్నాయి, వాటి పక్కనుంచి జనం లోపలికి వెళ్లి బన్నులు కొనుక్కుంటున్నారు.

మా ఆయనకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

"నువ్వు కొట్టినవా? ఫస్ట్ నువ్వే తోసినవా?" అన్నాడు.

"అవును."

"పోలీసోళ్లకు గదే చెప్పినవా? అయ్యో... వీడియో ఎవరన్న తీసిండ్రా? కేసయితే నీ స్టేటస్ ఏమైతది, నా వీసా ఎక్స్‌టెన్షన్ ఏమైతది? సోమవారం లాయర్‌తో మాట్లాడుదాం. నీకేం దెబ్బ తాకలేదు కదా?"

దెబ్బ తాకిందా అని చివర్లో అడిగినందుకు ఫోన్లోనే తిట్టాను. తర్వాత ఏడ్చాను.

కేసు నా మీదికి రాలేదు. వీడియో మాత్రం వచ్చింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెత, ఈ రోజుల్లో పెదవి కూడా అక్కర్లేదు. ఎవరో తీసినదాన్ని ఎవరో కత్తిరించారు. నేను తోసింది లేదు, గుద్దు ఉంది. నేను కొట్టింది రెండే రెండు దెబ్బలు ఉన్నాయి. వెంటనే తాత నోట్లోంచి పళ్లు తీస్తున్న నేను. "మన తెలుగు అమ్మాయి, డాక్టర్, ముసలాయన ప్రాణం కాపాడింది" అని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. పులిహోర ఆంటీ గులాబ్‌జామ్ డబ్బా పట్టుకుని మా తలుపు కొట్టింది. "నాకు ముందునుంచీ తెలుసు డాక్టర్ గారూ, మీ చేతిలో ఏదో ఉందని" అంది. ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట. డబ్బా తీసుకుని తలుపు వేసేశాను.

కత్తిరించని వీడియో లాయర్ పంపాడు. ఒంటరిగా కూర్చుని చూశాను. తాత తల నేలకి తగిలిన క్షణంనుంచి నేను వెనక్కి తిరిగిన క్షణందాకా ఒక నిమిషం నలభై సెకన్లు. కూతురు నన్ను పదకొండుసార్లు పిలిచింది.

తాత బతికాడు. తలలో రక్తం గడ్డకడితే ఆపరేషన్ చేశారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది, ఒక్కటి తప్ప. అలాంటి దెబ్బ తగిలిన వాళ్లకి మామూలు మాటలన్నీ పోయి ఒక్కోసారి తిట్టు మిగులుతుంది, పుస్తకాల్లో చదివాను. తాతకి మిగిలింది "యావా". దాహమేస్తే యావా, నర్సు వస్తే యావా, ప్రార్థన చదివించడానికి వచ్చిన ఫాదర్‌ని చూసి కూడా యావా. చర్చి ఆడవాళ్లు నవ్వలేకా ఏడవలేకా శిలువ గుర్తు వేసుకునేవాళ్లు.

రీహాబ్ సెంటర్‌కి వారానికి మూడురోజులు వెళ్లేదాన్ని. ఆయన పడిపోయిన చేతి వేళ్లు బిగుసుకుపోకుండా ఒక్కొక్కటి ముడిచి తెరిచేదాన్ని, ఒక్కో వేలికి ఇరవైసార్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ వేళ్లు పట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది. ఆ నిమిషం నలభై సెకన్లలో ఎంత పోయిందో, తల పగిలినప్పుడే ఎంత పోయిందో, ఏ డాక్టరూ విడదీసి చెప్పలేడు. నేనూ డాక్టర్నే, నేనూ చెప్పలేను. కానీ ఊపిరాడకపోతే మెదడులో ఏమవుతుందో సెకను సెకనూ తెలుసు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం తాత కూతురు ఒక కవరు పట్టుకుని వచ్చింది. నేను ఉంగరం వేలు ముగించి చిటికెన వేలు పట్టుకున్నాను. ఆమె మంచం అవతల నిలబడింది, మొహం వెలిగిపోతోంది. వాళ్ల చర్చి ఫాదర్‌కి ఒక ఆస్పత్రిలో పెద్ద డాక్టర్ తెలుసట. నన్ను ట్రైనింగ్‌కి తీసుకోవడానికి ఆ డాక్టర్‌కి ఉత్తరం రాయించిందట. సంతకాలు కూడా అయ్యాయి, తనదీ, ఫాదర్‌దీ, ఏడుగురు ఆడవాళ్లదీ. నాకు చదివి వినిపించింది. మా నాన్న కిందపడగానే ఈ డాక్టర్ ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా ఆయన దగ్గరికి చేరింది, అని ఉంది.

నాకు ఆ ఉత్తరం కావాలి. ఇంత నిజం చెప్పాక ఇది కూడా చెప్పాలి కదా. ఆ కవరు చేతికి వస్తుందంటే ఒంట్లో రక్తమంతా చెవుల్లోకి వచ్చింది. థాంక్యూ అంటే చాలు. తాత నావైపే చూస్తున్నాడు.

"ఆ మాట నిజం కాదు" అన్నాను, వేలు ముడుస్తూనే. "నిమిషం నలభై సెకన్లు పట్టింది. ఆయన గొంతు పూడుకుపోతున్న చప్పుడు నాకు వినిపించింది. అదేమిటో తెలుసు. అయినా వాడిని కొడుతూనే ఉన్నాను. నువ్వు పదకొండుసార్లు పిలిచావు. వాడిని రెచ్చగొట్టింది కూడా నేనే, మీ నాన్న నాకు పడాల్సిన దెబ్బ తిన్నాడు. నేను దవావ్ దాన్ని కూడా కాదు."

చివరి మాట అసలు విన్నదో లేదో తెలియదు. మంచం చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చింది. ఉత్తరం ఎడమచేతిలోకి మార్చుకుంది. లాగిపెట్టి నా చెంప మీద కొట్టింది.

ముసలివాళ్లని మంచాల మీంచి ఎత్తి దించే చెయ్యి అది. నా తల పక్కకి తిరిగిపోయింది, చెవిలో గుయ్యిమంది, నోట్లో ఉప్పగా తగిలింది. ఒళ్లంతా తిరిగి వెయ్యడానికి లేచింది, నేను ఎరిగిన ఒళ్లే కదా. కానీ నా రెండు చేతుల్లోనూ తాత వేలుంది. వదల్లేదు. గట్టిగా నొక్కితే ముసలి ఎముక విరుగుతుందని పిడికిలి కూడా బిగించలేదు.

"యావా" అన్నాడు తాత. ఎవరిని అన్నాడో తెలియదు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉత్తరాన్ని మడిచి, మళ్లీ మడిచి, యూనిఫామ్ జేబులో పెట్టుకుంది. అప్పుడు, నావైపు చూడకుండానే, "ఇంకా ఎన్నున్నాయి?" అంది.

"ఈ వేలికి నాలుగుసార్లు" అన్నాను.

"కానివ్వు."

చిటికెన వేలు ముడిచాను, తెరిచాను. ఒకటి.